తిరుపతిలో ‘ఉచిత బాడీ చెకప్’: కాటాకి మార్కులెన్ని, మాటకి మార్కులెన్ని

తిరుపతిలో పొద్దున ఆరింటికి నడకకి వెళ్లేవాళ్లకి ఈ పాంప్లెట్ కొత్త కాదు. ‘ఉచిత బాడీ చెకప్. మీ కొవ్వు శాతం, మీ బాడీ ఏజ్ తెలుసుకోండి’ అని ఉంటుంది. కింద ఫోన్ నంబరు, పక్కన లావుగా ఉన్నప్పటి ఫొటో ఒకటి, సన్నబడ్డాక ఫొటో ఒకటి. కాలనీల్లో మొదటి అంతస్తు హాల్లో, తెల్లారినప్పటి నుంచి తొమ్మిది దాకా నడిచే సెంటర్లివి. ఏ ఒక్క సెంటరు మీదా రాస్తున్నది కాదు ఇది. యంత్రం దాదాపు ఒకటే, కార్డు ఒకటే, మాటల వరస కూడా ఒకటే కాబట్టి సర్వీసు మొత్తాన్ని కలిపి చూస్తున్నాం.

ముందే తేల్చి చెప్పేస్తాం. బరువు వరకు కాటాని నమ్మొచ్చు. కొవ్వు శాతాన్ని అంచనా అనుకోవాలి. బాడీ ఏజ్‌ని పట్టించుకోనక్కర్లేదు. ఇక కాటా దిగాక కుర్చీలో కూర్చోబెట్టి చెప్పే మాటలున్నాయే, అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది వాటితోనే. మనుషుల్ని బాధపెట్టేవీ, వాళ్ల ఆరోగ్యానికి అడ్డు పడేవీ అవే.

పద్ధతి ఇలా ఉంటుంది. పేరు, వయసు, ఎత్తు అడిగి రాసుకుంటారు. చెప్పులు, సాక్సులు తీసి, కాటా మీదున్న లోహపు పలకలకి మడమలూ పాదాల ముందు భాగాలూ ఆనేలా నిలబడాలి. వైరుతో ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని, మోచేతులు వంచకుండా భుజాల ఎత్తుకి ముందుకు చాచాలి. నిమిషం కూడా పట్టదు. కార్డు మీద బరువు, బీఎంఐ, కొవ్వు శాతం, విసరల్ ఫ్యాట్, కండ శాతం, ఆర్‌ఎం, బాడీ ఏజ్ రాసిస్తారు. ఆర్‌ఎం అంటే ఏ పనీ చేయకుండా ఉన్నా ఒళ్లు రోజుకి ఖర్చు పెట్టే కేలరీలు. బీఎంఐ అంటే ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే అంకె.

మొదటి తప్పు ఇక్కడే జరుగుతుంది. కాటా దగ్గర మనిషి చదువుతారు, నాలుగడుగుల దూరంలో బల్ల దగ్గర ఇంకొకరు రాసుకుంటారు. “అరవై ఎనిమిది... ఫ్యాట్ ముప్పై ఎనిమిది... విసరల్ పదకొండు...” అని హాలంతా వినపడుతుంది. వరసలో నిలబడ్డవాళ్లలో పక్కింటావిడ ఉంటుంది, పిల్లల స్కూలు టీచరు ఉంటుంది, కట్టుకున్నవాడు ఉంటాడు. డబ్బు లెక్క నలుగురిలో చదివితే ఎవరూ ఊరుకోరు. ఒంటి లెక్క మాత్రం చదివేయొచ్చని ఎలా అనుకుంటున్నారో అర్థం కాదు. అదే కాగితాన్ని కాటా పక్కనే పెట్టుకుని చదివే మనిషే రాసుకుంటే సరిపోతుంది, ఖర్చు లేని మార్పు.

తరవాత కౌన్సెలింగ్. ఎదురుగా కూర్చున్నావిడ వయసు 34, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు అనుకుందాం. మాటలు ఇలా నడుస్తాయి: “అక్కా, మీ వయసు ముప్పైనాలుగు కదా? ఇదిగో చూడండి, మీ బాడీ వయసు యాభై రెండు చూపిస్తా ఉంది.” ఒక్క క్షణం ఆగి, “పదమూడు కేజీలు ఎక్స్‌ట్రా ఉండారు. గ్యాస్ బండని వీపుకి కట్టుకుని రోజంతా తిరగతా ఉన్నట్టు. డేంజర్ జోన్ అక్కా.” బల్ల మీద పసుపుపచ్చటి రబ్బరు కొవ్వు ముద్ద ఒకటి పెట్టుకుని ఉంటారు. దాన్ని ఆమె చేతిలో పెట్టి, “ఇట్లాంటివి మీ లోపల ఎన్నుంటాయో చెప్పండి” అంటారు. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంటుంది. అప్పుడు వస్తుంది భోజనం బదులు తాగే పొడి డబ్బా సంగతి, నెల ప్యాకేజీ సంగతి.

ఆ కార్డు మీది అంకెలు ఎంతవరకు నిజమో తెలియాలంటే యంత్రం చేసే పని తెలియాలి. అది మన ఒంట్లోకి చాలా చిన్న కరెంటు పంపిస్తుంది. ఈ రకం వాటిలో సాధారణంగా 50 కిలోహెర్ట్జ్, 500 మైక్రోఆంపియర్ల లోపు. మనకి ఏమీ తెలియదు. కండలో నీరు ఎక్కువ కాబట్టి కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో నీరు తక్కువ కాబట్టి అడ్డుపడుతుంది. బరువు కాక యంత్రం నిజంగా కొలిచేది ఆ అడ్డు ఒక్కటే. దానికి ఎత్తు, బరువు, వయసు, ఆడా మగా అనే వివరాలు కలిపి కంపెనీ తయారుచేసుకున్న సూత్రంలో వేస్తే కొవ్వు శాతం వస్తుంది. విసరల్ ఫ్యాట్ అంటే పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరే కొవ్వు. దాన్ని నేరుగా చూడాలంటే సీటీ గానీ ఎమ్మారై గానీ చేయాలి. ఈ కాటా ఇచ్చేది లెక్కగట్టిన అంకె. ఆ అంకె 9 వరకు మామూలు, 10 నుంచి 14 ఎక్కువ, 15 నుంచి చాలా ఎక్కువ అని రాసుంటుంది. కానీ 9కీ 10కీ మధ్య తేడా ఒక చెంబు నీళ్లకి మారిపోయేంత పలుచన.

నీళ్ల గురించి ఇంకాస్త చెప్పుకోవాలి, ఈ ఊళ్లో అది మరీ అవసరం. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, నిద్ర లేకుండా దిగివచ్చిన మనిషి మర్నాడు ఈ కాటా ఎక్కితే బరువు ఒక కిలో తక్కువ, కొవ్వు శాతం మాత్రం ఎక్కువ చూపించొచ్చు. చెమట పోయి ఒంట్లో నీరు తగ్గితే కరెంటుకి అడ్డు పెరుగుతుంది, యంత్రం దాన్ని కొవ్వు అనుకుంటుంది. పైగా ఒట్టి కాళ్లతో ఎక్కి అరికాళ్లు ఎండి, పగిలి ఉంటే పలకకీ చర్మానికీ మధ్య కూడా అడ్డే. నడక ముగించి ఒళ్లు వేడిగా ఉండగానే ఎక్కితే దీనికి తిరగబడి తక్కువ చూపించొచ్చు. ఈ సెంటర్లకి వచ్చేది ఎక్కువగా వాకింగ్ చేసి నేరుగా వచ్చేవాళ్లే. యంత్రంతో వచ్చే మాన్యువల్లోనేమో వ్యాయామం, స్నానం, భోజనం అయిన వెంటనే కొలవొద్దని రాసుంటుంది. ఆడవాళ్లకి నెలసరి ముందు రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి బరువు కిలో, కిలోన్నర పెరగడం మామూలే. కొవ్వు శాతంలో మూడు నాలుగు అంకెల తేడా పూటకీ పూటకీ, యంత్రానికీ యంత్రానికీ వస్తుంది.

ఎత్తు సంగతి ఇంకా తేలిగ్గా తప్పుతుంది. చాలా చోట్ల గోడకి స్కేలు ఉండదు, నోటితో అడిగి రాసుకుంటారు. ఆమె 155 అని చెబితే బీఎంఐ 28.3. నిజంగా కొలిస్తే 152 వచ్చిందనుకోండి, అదే బరువుకి 29.4. మూడు సెంటీమీటర్ల తేడాకే బీఎంఐ ఒక అంకె పైకి పోతుంది. ఎత్తు తప్పితే బీఎంఐ, కొవ్వు శాతం, బాడీ ఏజ్ అన్నీ వరసగా తప్పుతాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ యంత్రం అసలు ఎక్కకూడదు. గర్భిణులకి కొవ్వు లెక్క పనికిరాదు. ఈ రెండూ అడిగాకే పిడి చేతికివ్వాలి. అడగని సెంటరు నుంచి అక్కడికక్కడే లేచి వచ్చేయొచ్చు.

బాడీ ఏజ్ ఎలా వస్తుంది? బరువు, ఎత్తు, కొవ్వు, కండ, ఆర్‌ఎం కలిపి కంపెనీ వేసుకున్న లెక్క అది. ఏ డాక్టరూ దాన్నిబట్టి మందు రాయరు. ఏ పరీక్షలోనూ అది సరిచూసుకునే కొలత కాదు. రెండు కంపెనీల కాటాలు ఎక్కితే రెండు వయసులు వస్తాయి. అయినా ఈ కార్డు మీద అన్నిటికన్నా గుర్తుండిపోయేది అదే, ఎందుకంటే అది అంకె వేషం వేసుకున్న మాట. 34 ఏళ్ల మనిషిని ముసలిదానివి అని ఎవరైనా మొహం మీద అంటే గొడవవుతుంది. అదే యంత్రం అన్నట్టు చెబితే తల వంచుకుని వింటారు. ఇంటికెళ్లాక ఆ యాభై రెండు ముద్దుపేరయిపోతుంది. మొగుడు అంటాడు, ఆడబిడ్డ అంటుంది, పిల్లలు నేర్చుకుంటారు. పెళ్లిలోనో గృహప్రవేశంలోనో “ఏం మే, శానా లావయినావే” అని పలకరించే చుట్టాలకి ఇది తోడవుతుంది.

బరువు విషయాన్ని తేలిగ్గా తీసుకోమని మేం అనడం లేదు. మన దేశంలో పొట్ట దగ్గర కొవ్వు తొందరగా చేరుతుంది, షుగరు తక్కువ బరువులోనే వస్తుంది. అందుకే ప్రపంచమంతా బీఎంఐ 25, 30 దగ్గర గీతలు గీస్తే, భారతీయులకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన నిపుణులు గీతలు కిందికి దించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా 25 దాటినవాళ్లే. అంటే ఈ హాల్లో వినిపించే మాటలు ఏ కొందరికో తగిలేవి కావు, దాదాపు ప్రతి ఇంట్లో ఒకరికి తగులుతాయి. విషయం ఇంత పెద్దది కాబట్టే దాన్ని చెప్పే తీరు సరిగా ఉండాలి.

సిగ్గుపడితే తగ్గుతారని చాలామంది నిజంగానే నమ్ముతారు. జరిగేది వేరు. నలుగురిలో మాట పడ్డ మనిషి ముందు నడక మానేస్తుంది, నడిచేటప్పుడు అందరూ తననే చూస్తున్నారనిపించి. పగలంతా తినకుండా ఉండి రాత్రి ఆకలికి ఆగలేక ఎక్కువ తింటుంది, మళ్లీ తనని తానే తిట్టుకుంటుంది. జ్వరమొచ్చినా డాక్టరు దగ్గరికి పోదు, అక్కడా ముందు కాటా ఎక్కిస్తారని. ఆ మధ్యలో బీపీ, షుగరు చూపించుకోవాల్సిన సమయం దాటిపోతుంది. 2020లో నేచర్ మెడిసిన్ పత్రికలో వివిధ దేశాల నిపుణులు కలిసి ఒక ప్రకటన వేశారు. బరువు మీద వేసే నింద ఒంటికీ మనసుకీ హాని చేస్తుందని, వైద్యం అందకుండా చేస్తుందని, బరువంటే కేవలం తిండి మీద అదుపు లేకపోవడమనే నమ్మకం శాస్త్రానికి నిలబడదని అందులో స్పష్టంగా చెప్పారు.

‘పదమూడు కేజీలు ఎక్స్‌ట్రా’ ఎక్కణ్నించి వచ్చింది? ఎత్తులో నుంచి వంద తీసేశారు. 155లో వంద పోతే 55, ఆమె 68, తేడా 13. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు బ్రోకా పేరుతో నడిచే మోటు లెక్క ఇది. మనిషి ఎముక, కండ, వయసు, కాన్పులు దానికి అక్కర్లేదు. ఆరోగ్యానికి నిజంగా పనికొచ్చే లెక్క ఇంత భయపెట్టేది కాదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలు, బీపీ, షుగరు, కాలేయంలో కొవ్వు మెరుగవుతాయి. ఆమెకి 5 శాతం అంటే 3.4 కిలోలు. ఆరు నెలల్లో చేయగలిగిన పని. పదమూడు అని విన్న మనిషి మూడు కిలోలు తగ్గినా ఓడిపోయాననే అనుకుంటుంది.

అసలు కాటా కదలకపోయినా మేలు జరుగుతుందనడానికి మన పక్కనే రుజువుంది. చెన్నైలో షుగరు వచ్చే దశలో ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. రోజూ నడక, మైదా, పంచదార, నూనె తగ్గించిన తిండి, ఇంతే. ఆ పద్ధతి పాటించినవాళ్లలో షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఈ ఒక్క విషయం కౌన్సెలింగ్ బల్ల దగ్గర చెబితే ఎంతమంది ఊపిరి పీల్చుకుంటారో.

మూడ్రోజుల ట్రయల్ ప్యాక్ గురించి కూడా చెప్పాలి. రెండు పూటల భోజనం బదులు డబ్బా పొడి కలుపుకుని తాగితే మూడు రోజుల్లో కిలో నుంచి రెండు కిలోలు తగ్గడం నిజమే. పిండిపదార్థం తగ్గగానే కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అదీ పోతుంది. తగ్గినదాంట్లో ఎక్కువ భాగం నీరే. అన్నమో సంగటో మళ్లీ తిన్న రెండు రోజుల్లో ఆ నీరు తిరిగొస్తుంది, బరువూ వస్తుంది. అప్పుడు వినపడే మాట: “సంగటి తిన్నారా అక్కా? కంట్రోల్ లేకపోతే మేమేం చేస్తాం?” ఒంటి సహజమైన తీరుని మనిషి తప్పుగా అంటగట్టే మాట ఇది. ఈ సర్వీసులో మాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

ఇంకో ప్రమాదం నేరుగా ప్రాణానికి సంబంధించింది. షుగరుకి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా భోజనం మానేసి పొడి తాగితే షుగరు మరీ పడిపోతుంది. చెమట, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి, పావుగంట తరవాత మళ్లీ చూసుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు ప్రొటీన్ పొడి డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడదు. “మాత్రలు మానేయొచ్చు” అన్న మాట కౌన్సెలర్ నోట వస్తే ఇక అక్కడ కూర్చోనక్కర్లేదు.

పిల్లల్ని ఈ కాటా ఎక్కించడం గురించి మా మాట ఒకటే: వద్దు. శని, ఆదివారాల్లో అమ్మానాన్నలతో వచ్చిన పిల్లల్ని “పాపని కూడా చూద్దాం” అని ఎక్కించేస్తారు. పెద్దవాళ్ల బీఎంఐ గీతలు పిల్లలకి పనికిరావు. 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకి వయసునిబట్టి, ఆడా మగానిబట్టి భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన చార్టులున్నాయి, వాటి మీద పిల్లల డాక్టరు గుర్తు పెట్టి చూస్తారు. బాడీ ఏజ్ లెక్క కూడా 18 నిండనివాళ్లకి వేసేది కాదు. దీన్నంతా మించింది మాట. అమెరికాలో రెండు వేలకు పైగా ఆడపిల్లల్ని పదేళ్ల వయసు నుంచి పంతొమ్మిది దాకా గమనించిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. పదేళ్లప్పుడే “నువ్వు మరీ లావు” అని ఎవరో ఒకరి నోట విన్న పిల్లలు, అప్పటికి బరువు సమానంగా ఉన్న మిగతా పిల్లల కంటే పంతొమ్మిదేళ్లకి ఊబకాయంలో ఉండే అవకాశం ఎక్కువని తేలింది. ఆ మాట ఇంట్లోవాళ్లు అన్నప్పుడు ప్రభావం ఇంకా గట్టిగా ఉంది. గున్న, డ్రమ్ము, గుమ్మడికాయ అని మనం ముద్దుగా పిలిచే పిల్లలందరూ ఇందులో ఉన్నారు.

సన్నగా ఉన్నవాళ్లనీ ఈ బల్ల వదలదు. హాస్టల్లో ఉండే కుర్రాళ్లు వస్తే “ఏంది తమ్ముడూ, పుల్లలా ఉండావు” అని మొదలుపెట్టి బరువు పెంచే పొడి డబ్బా చూపిస్తారు. ఆ పొడుల్లో చాలావాటిలో ఎక్కువ భాగం పిండి, చక్కెర లాంటి పదార్థాలే, డబ్బా వెనక ముద్రించిన వరసలో ముందు ఏముందో చదివితే తెలుస్తుంది. బీఎంఐ 18.5 లోపు ఉంటే మెస్సు తిండికి తోడు రోజూ రెండు గుడ్లు, గుప్పెడు వేరుశనగలు, ఒక గ్లాసు పాలు చేర్చడం మొదటి పని. అసలు అడగాల్సిన ప్రశ్న ఇది: ఎప్పట్నుంచీ ఇంతేనా, ఈమధ్య తగ్గారా? ప్రయత్నం చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల 5 శాతం బరువు తగ్గితే కారణం వెతకాలి. షుగరు, థైరాయిడ్, రెండు వారాలు దాటిన దగ్గుంటే టీబీ. “చిక్కినావు, బాగుండావు” అని మెచ్చుకోవడం కూడా అందుకే ప్రమాదం. జబ్బుతో తగ్గుతున్న మనిషి ఆ మెప్పు విని పరీక్షకి వెళ్లడం వాయిదా వేస్తాడు.

బాగా నడిచే సెంటర్లు లేకపోలేదు. ఈ బల్ల దగ్గర మాట ఎలా ఉంటే సర్వీసు మంచిదనొచ్చో చెబుతాం. ముందు అనుమతి: “బరువు గురించి మాట్లాడుకుందామా అమ్మా? అంకె పైకి చెప్పమంటారా, రాసి ఇమ్మంటారా?” తరవాత కొలత, విశేషణం లేకుండా: “బరువు 68. నడుం 91 సెంటీమీటర్లు ఉంది, 80 లోపుంటే మేలు.” ఆ వెంటనే ప్రశ్న: “షుగరు, బీపీ ఎప్పుడు చూపించుకున్నారు? నిద్ర ఎలా ఉంది? ఇంట్లో ఎవరికైనా షుగరుందా?” డేంజర్, ఎక్స్‌ట్రా, కంట్రోల్ లేదు అన్న మాటలు ఎక్కడా రాలేదు చూడండి. ఆమెకి తెలియాల్సింది ఏదీ తగ్గలేదు కూడా.

వెళ్లేవాళ్లు కూడా కొన్ని మాటలు సిద్ధంగా పెట్టుకోవచ్చు. “పైకి చదవద్దు, రాసి ఇవ్వండి.” “ఎత్తు కొలిచి రాయండి.” “నాతో వచ్చినవాళ్ల ముందు చెప్పద్దు.” “రెండు వారాల తరవాత ఇదే టైముకి, పరగడుపున మళ్లీ తీస్తారా?” నాలుగోదానికి మొహం మాడిస్తే వాళ్లకి కావాల్సింది కొలత కాదని తెలిసిపోతుంది.

మా మార్కులు: బరువు కాటాకి 5కి 4. కొవ్వు శాతానికి, పొద్దున పరగడుపున, అదే యంత్రం మీద, నెలకోసారి చూసుకుంటేనే, 5కి 2. బాడీ ఏజ్‌కి సున్నా. కౌన్సెలింగ్‌కి చాలా చోట్ల 5కి 1, ఆ ఒక్కటీ నీళ్లు తాగమని, నడవమని చెప్పినందుకు.

ఉచితమే కావాలంటే ఇంతకన్నా మంచిది ఊళ్లోనే ఉంది. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు. ఆశా కార్యకర్త నింపే ఫారంలో వయసు, పొగాకు, మద్యం, నడుం కొలత, వారానికి 150 నిమిషాల శ్రమ, ఇంట్లోవాళ్ల జబ్బులు, మార్కులు వేసేవి ఇవే ప్రశ్నలు. ఆడవాళ్ల నడుం 80 సెంటీమీటర్ల వరకు సున్నా, 81 నుంచి 90 దాకా ఒకటి, 90 దాటితే రెండు. మగవాళ్లకి 90 వరకు సున్నా, 100 దాకా ఒకటి, ఆపైన రెండు. అన్నీ కలిపి 4 దాటితే ముందు మిమ్మల్ని పరీక్షకి పిలుస్తారు. ఆ ఫారంలో లావు అన్న మాటే లేదు. అంకెలు బాగా ఎక్కువ వచ్చినా, థైరాయిడ్ అనుమానమున్నా రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో డాక్టరుకి చూపించుకోవచ్చు. స్విమ్స్‌లో హార్మోన్ల జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

నడుం ఇంట్లోనే కొలుచుకోవచ్చు, తప్పులు మాత్రం ఒకే చోట జరుగుతాయి. చీర కట్టేవాళ్లు పావడా నాడా ఉన్నచోట, మగవాళ్లు బెల్టు ఉన్నచోట కొలుస్తారు. రెండూ పొట్ట కిందికి జారి ఉంటాయి, అందుకే పాంటు సైజుకీ నడుం కొలతకీ పొంతన ఉండదు. నాడా వదులు చేసి, పక్క నుంచి చివరి పక్కటెముక ఎక్కడుందో వేలితో చూడండి. తుంటి ఎముక పైఅంచు కూడా చూడండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి, వెనకాల కిందికి జారకుండా అద్దంలో చూసుకోవాలి. పాదాలు దగ్గరగా పెట్టి, మామూలుగా ఊపిరి వదిలాక, చర్మం నొక్కుకోకుండా చదవాలి. పొట్ట లోపలికి లాగొద్దు. రెండుసార్లు తీస్తే తేడా ఒక సెంటీమీటరు లోపు ఉండాలి, లేకపోతే మళ్లీ తీయాలి. పాత గుడ్డ టేపు సాగిపోయి తక్కువ చూపిస్తుంది, దాన్ని ముందు ఇనుప స్కేలు పక్కన పెట్టి సరిచూసుకోండి. నెలకోసారి చాలు. అంకెని మీ పుస్తకంలో రాసుకోండి, ఫ్రిజ్ మీద అంటించక్కర్లేదు.